తడి ఓర్చని తెర

రెండు వేల నలభై ఒకటి, జూన్ ఇరవై మూడు. ఆ మధ్యాహ్నం ప్రయోగశాల వెనక వరండాలో కూర్చుని మేం నలుగురం చింతచిగురు వేసిన నెత్తళ్ళ కూర తిన్నాం. మా మరదలు వరహాలు, ఆమె భర్త సింహాచలం, అత్తగారు నూకాలమ్మ, నేను. కూర నూకాలమ్మే వండి తెచ్చింది. కోడలి పక్కన చేరి విస్తరాకులో ఏది ఎక్కడుందో చెబుతోంది.

"కుడేపు కూర. ఎడమేపు ఉల్లిపాయ. మద్దిన పచ్చిమిరగాయ ఉన్నాది, దాని జోలికెల్లకు."

కోడలు కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆవిడ ప్రతి పూటా అలాగే చెబుతోంది. విసుక్కోవడం నేనెప్పుడూ వినలేదు.

సింహాచలం ముద్ద కలిపి అలాగే కూర్చున్నాడు.

"ఏట్రా, తినవు?"

"ఆకల్నేదే అమ్మా."

"ఆకల్లేక కాదత్తా, బయం," అంది వరహాలు. "ఇయ్యాల ఈయన మొకం నాకు కనిపించేస్తాది కదా. ఇన్నేళ్ళూ అందగాణ్ణని నమ్మించినాడు."

"నేనెప్పుడు సెప్పినానే? మా అమ్మ సెప్పినాది."

"కన్నతల్లి సాచ్చికం కోర్టులో సెల్లదు. ముక్కు సంగతి నాకు తెలుసులే, సేత్తో తడుముకున్నాను. సెవులే డౌటు."

నూకాలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సింహాచలం రెండు చేతులతో చెవులు కప్పుకున్నాడు, ఎంగిలి చెయ్యని కూడా చూసుకోకుండా.

వరహాలుకు తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ తాత తమలపాకుల సంచిలో ఉన్న సున్నం గొట్టం నొక్కి ఆడుకుంటుంటే మూత ఊడి సున్నం కళ్ళలో పడింది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, దాంట్లో నీళ్ళు కూడా ఊరవు. కుడి కన్ను లోపల బాగానే ఉంది గాని నల్లగుడ్డు మీద పాలమీగడలాంటి పొర కట్టేసింది. రెండుసార్లు వేరేవాళ్ళ కార్నియా అతికించారు. రెండుసార్లూ అదీ తెల్లబడిపోయింది. మా ఆవిడ సన్యాసమ్మ ఆమెకు అక్క. బతికున్నంతకాలం చెల్లెలి చెయ్యి పట్టుకునే తిరిగింది. సన్యాసమ్మ పోయాక, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఇంట్లో పొద్దుపోయేది కాదు. ఒకప్పుడు నా దగ్గర బీఎస్సీ చదివిన కాత్యాయని పైచదువులు చదివి వచ్చి, విశాఖలో కొండవాలున ఈ ప్రయోగశాల పెట్టింది. "అద్దాలు సర్దడంలో మీ చెయ్యి నాకు కావాలి మాష్టారూ," అని పిలిస్తే వెళ్ళాను. వెళ్ళిన వారానికి వరహాలు సంగతి చెప్పాను.

అన్నాలయ్యాక కాత్యాయని మా అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించింది.

"చేపల చేతులతో తెర ముట్టుకుంటే నేను ఊరుకోను," అంది.

తెర అంటే బొటనవేలి గోరంత నల్లటి పలక. కళ్ళజోడు కుడి అద్దం ఉండవలసిన చోట దాన్ని బిగించాం. పక్కల వెలుతురు దూరకుండా చర్మానికి అతుక్కునే రబ్బరు అంచు ఉంది. ఆ గోరంతలో నూట అరవై కోట్ల పిక్సెళ్ళు.

సింహాచలం దాన్ని దూరంనుంచే వంగి చూశాడు. "మా టీవీకి ఎనభై మూడు లచ్చలని కొట్టోడు సెప్పినాడు అన్నియ్యా. అదే గొప్పనుకున్నాను. ఇంత ముక్కలో ఇన్ని కోట్లు పెట్టి ఏటి సేస్తారు?"

ఆయనకు నోటితో చెబితే లాభం లేదనిపించి, బల్ల మీద ఎర్రటి లేజరు దీపం వెలిగించి దాని దారిలో స్నానాలగది కిటికీకి ఉండేలాంటి గరుకు అద్దం ముక్క నిలబెట్టాను. గోడ మీద చుక్క పడవలసింది పోయి, చక్కెర ఒలికినట్టు ఎర్రటి పలుకులు చెదిరాయి.

"మీ రేవులో పెద్దవల లాగేటప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగితే ఏమవుతుంది?"

"వల రాదు. తాడు తెగుద్ది. ఒకడు కేకేస్తే అందరూ ఒక్క ఊపున లాగాల."

"వెలుగూ అంతే. ఈ గరుకులోంచి వెళ్ళేటప్పుడు ఒక కిరణం ముందూ ఒకటి వెనకా అయిపోయాయి. ఇప్పుడు చూడు." దీపానికీ గరుకు అద్దానికీ మధ్య ఒక పాత తెర పెట్టి మీట నొక్కాను. "టీవీలో పిక్సెలు రంగు చూపిస్తుంది. దీంట్లో పిక్సెలు తనలోంచి పోయే వెలుగును రవ్వంత ఆపుతుంది. ఏది తొందరపడుతుందో దాన్ని ముందే ఆపి పంపితే, అద్దం దాటాక అన్నీ ఒక్క ఊపున లాగుతాయి."

గోడ మీద చక్కెర పలుకులన్నీ కదిలి, పోగై, ఆవగింజంత చుక్కగా వెలిగాయి.

సింహాచలం ఆ చుక్క మీద వేలు పెట్టి చూశాడు. "అయితే ఈవిడ కంట్లో పొర తియ్యరు."

"తియ్యం. పొర ఎటు వంచుతుందో దానికి ఎదురు ముందే వంచి పంపుతాం."

"మరి ఇంతమంది ఎందుకు? దీనికి పాతదే సరిపోనాది కదా."

"ఇది ఒక్క చుక్క. ఒక్క వల. మనిషి ముఖమంటే వేల వలలు, అన్నీ ఒకేసారి ఒడ్డుకు రావాలి."

"అమ్మో. రేవంతా దిగినా జనం సాలరు."

"అందుకే నూట అరవై కోట్లు," అంది కాత్యాయని, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండా.

సర్దడానికి సాయంత్రం దాకా పట్టింది. వరహాలు కంటి వెనకనుంచి తిరిగొచ్చే మినుకును చూసుకుంటూ తెర తనంతట తనే ఆ పొర వంకరలన్నీ నేర్చుకుంది. తర్వాత సింహాచలాన్ని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాం. ఆమెకు కనిపించే మేర అరచేయంత. ముఖాన్ని ముక్కలు ముక్కలుగా చూడాలి.

వరహాలు మెడ మెల్లగా తిప్పుతోంది.

"ఏటి," అంది చివరికి. "ఇంత నల్లగున్నావా?"

"ఐసు కార్కానాలో పంజేస్తే తెల్లబడతారనుకున్నావేటి?"

"సెవులు బాగున్నాయి. ఎడం సెవి మడత పడిపోనాది, అంతే."

ఆమె నవ్వింది. నవ్వులోనే కన్ను చెమర్చింది. అంతే, తల విదిలించింది. "పోనాడు. బావా, పోనాడు. ఆయనేడీ?"

ఆయన అక్కడే ఉన్నాడు. ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. బొమ్మ చెదిరిపోయింది.

*

తెరలో పిక్సెళ్ళు పెరిగేకొద్దీ బొమ్మకు వివరం పెరుగుతుంది, ఓర్పు తగ్గుతుంది. మా పాత తెరలో రెండే కోట్లు. దాంతో వరహాలుకు తలుపెక్కడో మనిషెక్కడో తెలిసేది, అంతకు మించి ఏమీ కాదు. కాని ఆ తెర పెట్టుకుని ఎంత ఏడ్చినా ఆ మసక అలాగే ఉండేది. కొత్త తెర కనుబొమ వెంట్రుకలు లెక్కపెట్టిస్తుంది. కంటి మీద నీటి పొర వెంట్రుకలో వందో వంతు మందమెక్కితే చాలు, కోట్ల కిరణాల లెక్క తప్పిపోతుంది.

"రెండు దారులున్నాయి మాష్టారూ," అంది కాత్యాయని. "నీరు ఊరిన ప్రతిసారీ ఆ మార్పును కనిపెట్టి వెంటనే సర్దుకునే తెర చెయ్యాలి. దానికి ఇంతకు వెయ్యి రెట్లు పిక్సెళ్ళు కావాలి. పదేళ్ళో ఇరవయ్యేళ్ళో. లేదా నీరు ఊరకుండా చూడాలి. దానికి అరగంట."

కంటి సర్జను చిన్న సూదితో కన్నీటి గ్రంథికి వెళ్ళే నరాన్ని కాలుస్తాడు. ఆ తర్వాత కంటికి కావలసిన తడిని కళ్ళజోడు చట్రంలో ఉన్న చిన్న తిత్తి లెక్క ప్రకారం అందిస్తుంది. రాత్రి కళ్ళజోడు తీసినప్పుడు సీసా మందు ఒక్క బొట్టు. నరం కావాలంటే మళ్ళీ మొలుస్తుందని సర్జను చెప్పాడు. కాత్యాయని నమ్మింది. నేనూ నమ్మాను.

వరహాలు అంతా విని, "ఏడుపు పోతాది. అంతే కదా?" అంది.

"కన్నీళ్ళు పోతాయి. బాధ ఉంటుంది," అన్నాను.

"ఇన్నేళ్ళు ఏడిసినాను బావా. సరిపోద్ది. సేయించీ."

ఆ తర్వాతి ఏడాదంత మంచి కాలం ఆ ఇంట్లో నేను చూడలేదు. రేవు దగ్గర వాళ్ళది రెండు గదుల అద్దె వాటా. ఆదివారాలు చట్రంలోకి మందు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. వరహాలు ఏదో ఒకటి చూస్తూ ఉండేది. బియ్యంలో పురుగులు, నూకాలమ్మ అరిచేతి గీతలు, గోడ మీద బల్లి. నాలుగో తరగతిలో ఆగిపోయిన అక్షరాలు మళ్ళీ కూడబలుక్కుని, పాత పేపర్లలో పొట్లం కట్టి వచ్చిన వార్తలన్నీ చదివేది. "కోడలికి కళ్ళొచ్చినాక నాకు తిండి నేకుండా పోనాది," అని నూకాలమ్మ ఫిర్యాదు చేసేది. "పురుగున్నాదని బియ్యమంతా పారబోసేత్తంది బాబూ. నాకా పురుగు ఏనాడూ కనిపించనేదు. హాయిగా తిన్నాను."

ఒక ఆదివారం సన్యాసమ్మ ఫొటో తీసుకెళ్ళాను. అక్కను వరహాలు చివరిసారి చూసినప్పుడు అక్కకు పన్నెండేళ్ళు.

ఆమె ఫొటోను దగ్గరికీ దూరానికీ జరుపుకుంటూ చూసింది. "అక్క ఇంత పెద్దదైపోనాదా," అంది. "జుట్టు నెరిసిపోనాది."

ఆమె భుజాలు కదిలాయి. గొంతులోంచి ఎక్కిళ్ళ చప్పుడు వచ్చింది. మూతి వంకర తిరిగింది. కన్ను మాత్రం గాజుగోళీలా పొడిగా, తేటగా ఉంది. కాసేపటికి ఎక్కిళ్ళు ఎటూ పోలేక ఆగిపోయాయి. ఆమె ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆశ్చర్యంగా రుద్దుకుంది, అన్నం ముద్ద అడ్డం పడిన మనిషిలా.

"దిగనేదు బావా," అంది.

సింహాచలం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గుక్కెడు తాగాక తగ్గిందని చెప్పింది.

*

మరుసటి వేసవిలో ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలింది. పొద్దుటి షిఫ్టు. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి, చనిపోయినవాళ్ళను బయటికి మోసి జెట్టీ మీద తాటాకు చాపల మీద పడుకోబెట్టారు. గాలి ఫ్యాక్టరీ వైపునుంచే కొడుతోంది. ఆ ఘాటుకు ఎవరూ కళ్ళు తెరవలేకపోతున్నారు. పోలీసులు తడి తువ్వాళ్ళు ముఖానికి చుట్టుకున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, తమాషా చూడటానికి వచ్చినవాళ్ళు, వాకిట్లో టీ అమ్మేవాడు, అందరి కళ్ళనుంచీ ధారలు కారుతున్నాయి. ఎవరిది దుఃఖమో ఎవరిది వాయువో చెప్పడానికి లేదు. నేనూ కళ్ళు మూసుకుని ఒకరి భుజం పట్టుకుని నడిచాను.

"ఎవరైనా వచ్చి గుర్తుపట్టండమ్మా," అని ఒక హెడ్ కానిస్టేబుల్ అరుస్తున్నాడు. "ఆస్పత్రి బండి ఆగదు. పేర్లు కావాలి."

గుర్తుపట్టడానికి ఎవరూ రెప్ప ఎత్తలేకపోయారు.

రబ్బరు అంచు కళ్ళజోడు పెట్టుకున్న వరహాలు ఒక్కతే ఎత్తగలిగింది. ముక్కుకు తడి గుడ్డ కట్టుకుని ఆమె ఆ చాపల వరస వెంట వెళ్ళింది. ముఖాలు ఉబ్బిపోయి ఉన్నాయి. అరచేయంత మేర చొప్పున చూసుకుంటూ, కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పింది.

"ఈయనికి సేతి మీద పచ్చబొట్టున్నాది. ‘పైడితల్లి’ అని."

వెనక గుంపులో ఒక ఆడమనిషి కూలబడిన చప్పుడు.

"ఈయనికి వెండి ఉంగరం. ఏలుకి గోరు నేదు."

ఇంకో కేక. అలా వరసగా చెప్పుకుంటూ పోయింది. గొంతు వణకలేదు. వణికితే తర్వాతి మాట వాళ్ళకు వినపడదని వణకనివ్వలేదేమో. చివరి చాప దగ్గర వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఎడం సెవి మడత పడిపోనాది," అంది.

నూకాలమ్మ నా పక్కనే ఉంది. ఆ మాట ఆవిడకు అర్థమైంది.

దినాల్లో ఆ వీధంతా ఒకటే మాట. ఊరంతా ఏడిస్తే పెళ్ళాం ఏడవలేదని. అందరి మొగుళ్ళనీ సంతలో చేపల్ని చూపించినట్టు వేలెట్టి చూపించిందని. పెద్దదినం నాడు ఆనవాయితీ ప్రకారం ముత్తైదువలూ విధవలూ వచ్చి ఒక్కొక్కరే వరహాలు మెడ మీద పడి ఏడ్చారు. ఆమె నోటితో ఏడిచింది. అరిచింది. నేల మీద తల కొట్టుకుంది. తల ఎత్తినప్పుడల్లా ఆ చెంపలు పొడిగా ఉండటం అందరూ చూశారు.

"నాటకాలోల్లు కూడా ఇంత బాగా ఆడనేరమ్మా," అంది ఒకావిడ, చెంపలు తుడుచుకుంటూ.

నేను లేచి, "అది ఆపరేషను వల్లనమ్మా, ఆ కంటికి నీళ్ళు రావు," అని చెప్పబోయాను.

"కళ్ళు కొనుక్కున్నాది, నీల్లు అమ్ముకున్నాది. తెలుసు బాబూ," అంది ఆవిడ.

నూకాలమ్మ అప్పటిదాకా గోడకు చేరబడి ఉంది. "నా కొడుకు పోతే నీకు కంట నీటిబొట్టు రానేదే," అంది. గట్టిగా కూడా కాదు. "ఆ కన్ను నాకు సూపించకే వరాలూ. అటు తిరుగు."

వరహాలు గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ రోజునుంచీ అత్తగారున్న గదిలో ఆమె గోడవైపే తిరిగి కూర్చునేది. నూకాలమ్మ అన్నం పెట్టేది. ఏది ఎక్కడుందో చెప్పడం మానేసింది. కోడలికి కళ్ళున్నాయి కదా.

*

"మాష్టారూ, ఒక మాట," అంది కాత్యాయని. "ఈ తెరను అందరికీ వాడటానికి అనుమతి ఇచ్చే కమిటీ వస్తోంది. ఎంత భావోద్వేగం కలిగినా బొమ్మ చెదరదని రుజువు అడుగుతున్నారు. ఏడుపు సినిమాలు వేసి చూపించిన పరీక్షలు చాలవంటున్నారు."

ఆమె ఏమడగబోతోందో నాకు అర్థమైంది. "వద్దమ్మా," అన్నాను.

"నేను వరహాలును అడిగాను. ఒప్పుకుంది."

"ఎందుకు ఒప్పుకుందో అడిగావా?"

"అడిగాను. ఇది చేస్తే నరం మళ్ళీ మొలిపిస్తారా అంది. ప్రయత్నిస్తామన్నాను." కాత్యాయని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సున్నం పడి కళ్ళు పోయిన పిల్లలు నలభై మంది నా జాబితాలో ఉన్నారు. ఆ తల్లుల్ని అడగండి మీరు, బిడ్డకి ఏడుపు కావాలా చూపు కావాలా అని."

నేను అద్దాలు తుడిచే గుడ్డ చేతికి తీసుకున్నాను.

కమిటీవాళ్ళు ముగ్గురు వచ్చారు. మంచి మనుషులే. ఒకాయన వరహాలుకు కుర్చీ జరిపాడు, ఫ్యాను గాలి తగులుతోందా అని అడిగాడు. ఎదురుగా చిన్న స్క్రీను పెట్టారు. దాని మీద సింహాచలం ఫోనులో దొరికిన వీడియో. కింద అంచున చీమతలంత అంకెలు వస్తూ ఉంటాయి. ఆమె వాటిని పైకి చదవాలి. చదవగలిగితే బొమ్మ చెదరలేదన్నట్టు.

నేను బల్ల దగ్గర, తెర సర్దే చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

వీడియో మొదలైంది. ఐసు ఫ్యాక్టరీ. సింహాచలం ఐసు ముక్క ఒకటి నెత్తిన కిరీటంలా పెట్టుకుని, చలికి ఎగురుతూ, ఎవరో తీస్తున్న ఫోనులోకి పళ్ళు ఇకిలిస్తున్నాడు. "వరాలూ, సూడే! ఇటు సూడు, సూడు! మారాజుని!"

"ఏడు," అంది వరహాలు. "మూడు. మూడు."

"సూడే!"

"తొమ్మిది."

ఆమె మెడలో నరం లేచింది. చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి. ఎక్కిళ్ళు మొదలయ్యాయి, ఫొటో చూసిన నాటివి, ఎటూ దారిలేనివి. ఎక్కిలికీ ఎక్కిలికీ మధ్య అంకె. "ఒకటి." నాకు సన్యాసమ్మ గుర్తుకొచ్చింది. చెల్లెలు మెట్టు తడబడితే తన కాలు ముందుకు వేసేది. నా వేళ్ళు చక్రాన్ని రవ్వంత తిప్పాయి. తెర మీద కోట్ల పిక్సెళ్ళు ఒక్క మెట్టు పక్కకు జరిగాయి. ఆమె కంట్లో సింహాచలం పొగమంచయిపోయాడు.

ఆమె చదవడం ఆపింది.

"బావా."

"ఏమ్మా."

"సెయ్యి తీసీ."

నా వేళ్ళు చక్రం మీదే ఉన్నాయి.

"నీరొచ్చి సెదిరితే ఎలాగుంటాదో నాకు తెలుసు. ఇది నువ్వే. తీసీ బావా. నాకు ఆయన కావాల."

చక్రం వెనక్కి తిప్పాను. కుర్చీ జరిపిన పెద్దమనిషి తన ఎదురుగా ఉన్న కంప్యూటరు చూసుకుని, "మధ్యలో తెగింది," అన్నాడు నొచ్చుకుంటూ. "లెక్కకు రాదు. సారీ అమ్మా. మళ్ళీ మొదటినుంచి వేద్దాం."

నేను చూపించిన దయవల్ల ఆమె దాన్ని రెండుసార్లు చూడవలసి వచ్చింది. రెండోసారి ఒక్క అంకె కూడా తప్పలేదు.

పరీక్ష నెగ్గింది. కాగితాల మీద సంతకాలు పెడుతూ కమిటీలో ఒకావిడ, "ఎవరైనా కన్నీళ్ళు తిరిగి కావాలంటే?" అని అడిగింది.

"ఇప్పటివరకూ లిఖితపూర్వకంగా ఎవరూ అడగలేదండీ," అంది కాత్యాయని.

వరహాలు అక్కడే కూర్చుని ఉంది.

కమిటీ కారు కొండ దిగాక కాత్యాయని వచ్చి ఆమె ముందు స్టూలు మీద కూర్చుంది. స్కానులో తీసిన బొమ్మ చేతిలో ఉంది, చూపించలేదు.

"గ్రంథి ఎండిపోయింది వరహాలూ. నరం మొలిచినా ఇంక నీళ్ళు ఊరవు. ఆపరేషను చేసినప్పుడు నాకు తెలీదు. నిజంగా తెలీదు."

"పరీచ్చకి ముందు తెలుసా?"

కాత్యాయని తల వంచుకుంది.

వరహాలు ఆమె పాపిటవైపు చూసింది. అంత దగ్గరగా, అంత వివరంగా చూడగల కన్ను అది. "నలబై మంది పిల్లలన్నారు కదండీ," అంది. "ఆల్లకి ముందే సెప్పండి మరి. ఆపరేసనుకి ముందే ఏడిసెయ్యమని. ముందు ముందుకి కావలసిందంతా ఏడిసెయ్యమని."

పిల్లల్లో మొదటి నలుగురికి తారీఖు ఆ సాయంత్రమే ఖాయమైంది. నేను అద్దాలు తుడిచి, గుడ్డ కప్పి, బల్ల మీద తాళంచెవి పెట్టేశాను. మర్నాటినుంచి రానని కాత్యాయనికి చెబితే, "మీరు లేకపోతే సర్దడం మోటుగా ఉంటుంది మాష్టారూ, పిల్లలకే కష్టం," అంది. అది నిజమే. ఆలోచించుకోమని తాళంచెవి మళ్ళీ నా జేబులో వేసింది. నేను తీయలేదు.

*

వరహాలును ఇంటికి తీసుకొచ్చేసరికి రేవులో దీపాలు పెట్టేశారు. నూకాలమ్మ కంచం ముందు పెట్టి తన మూలకు వెళ్ళిపోయింది. వరహాలు తినలేదు. కళ్ళజోడు తీసి గూట్లో పెట్టింది. అది తీశాక ఆమెకు దీపం ఎటుందో తప్ప ఏమీ తెలియదు. సీసా కోసం గోడ తడిమింది. సీసా దొరికింది గాని గురి తప్పి బొట్టు ముక్కు మీద పడింది. ఇంకోటి చెవి దగ్గర పడింది.

"అదేటి బాబూ, ఆ మందు?" అంది నూకాలమ్మ మూలనుంచి, నాతో.

ఇన్నాళ్ళూ ఆవిడ అడగలేదు. ఎవరూ చెప్పలేదు. "కన్నీళ్ళమ్మా," అన్నాను. "మనకు లోపలినుంచి వస్తాయి. ఆమెకు రావు. ఇవి పొయ్యకపోతే కన్ను ఎండిపోతుంది."

"సీసాలోనా?"

"సీసాలోనే. ఇంక ఎప్పటికీ."

నూకాలమ్మ లేచి వచ్చింది. కోడలి చేతిలోంచి సీసా తీసుకుంది. తన వేలి మీద ఒక బొట్టు వేసుకుని నాలుకకు రాసుకుంది.

"ఉప్పగున్నాది," అంది.

కింద కూర్చుని వరహాలు తల ఒడిలోకి లాక్కుంది. కుడి రెప్ప రెండు వేళ్ళతో తెరిచి పట్టుకుని ఒక బొట్టు వేసింది. ఆగింది. ఇంకోటి వేసింది. ఒక్కటే వెయ్యాలని చెప్పబోయి ఆగిపోయాను. మూడోది రెప్ప దాటి చెంప మీదికి జారింది. ఆవిడ ఆపలేదు. ఎడమ కన్ను కూడా తెరిచి దాంట్లోనూ పోసింది, ఏనాడో చచ్చిపోయిన కంట్లో. రెండు చెంపలూ తడిసి, ధారలు చెవుల్లోకి దిగి, ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిశాయి.

"ఏడు," అంది నూకాలమ్మ. "ఏడు నాయమ్మా. కుడేపు కారతన్నాయి. ఎడమేపూ కారతన్నాయి. బాగా కారతన్నాయి. ఏడు."

వరహాలు చెయ్యి ఎత్తి తన చెంప తడుముకుంది. తడి చేతికి అంటింది. అప్పుడు ఆమె గొంతు తెరుచుకుంది.

వారానికి సరిపడా మందున్న సీసా ఖాళీ అయింది. రేపు ఇంకోటి తేవాలంటే నేను కొండెక్కాలి. జేబులో తాళంచెవి తగులుతోంది. చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాటి, గడియ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.